చన్నీళ్ళు ముందు పోసే తొట్టి

ధర్మవరం,
12-2-1986, బుధవారం.

పూజ్యులైన మీ పాదాలకు మొక్కి అంజనమ్మ రాసుకునే సంగతులు.

చెన్నకేశవస్వామి దయవల్ల ఇక్కడ అత్తమ్మ, నేను, మరిది నరసింహప్ప ఇంటివాళ్ళు అందరమూ బాగున్నాము. హిందూపురం నుంచి మన కూతురు భద్రమ్మ కూడా పిల్లలతో సుఖంగా ఉన్నట్టు కార్డు రాసింది. మీరు ఆ పరాయి ఊళ్ళో ఆస్పత్రి మంచం మీద ఉండగా మేము బాగున్నామని రాయడానికి చెయ్యి వెనకాడుతుంది గాని, రాయకపోతే మీరు ఇంకేమో అనుకుంటారు. మా తమ్ముడు రామదాసు రోజూ మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి తెచ్చిపెడుతున్నాడని రాశారు. ఆ ముక్క చదివాక నా ప్రాణం కుదుటపడింది.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. అత్తమ్మ దగ్గు తగ్గింది. మిరియాల కషాయం కాచి ఇస్తే, “నాకేం రోగం ల్యా, ఊరికి దుమ్ము పట్టుండాది” అని గ్లాసు పక్కన పెడుతుంది. నేను వంటింట్లోకి పోగానే తాగేస్తుంది. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, వచ్చినా సన్నటి ధార. చిత్రావతి ఇసుకలో చెలమలు తీసి కొందరు తెచ్చుకుంటున్నారు. వానల జాడే లేదు. ఊరి చుట్టూ చేలు నల్లగా మాడి ఉన్నాయి.

మగ్గం మీదా, మీరు కాళ్ళు దింపి కూర్చునే గుంట మీదా దుప్పటి కప్పే ఉంచాను. ఎలుకలు చేరకుండా సాయంత్రం పూట సాంబ్రాణి పొగ వేస్తున్నాను. పడుగు ఒక్క పోగు కూడా తెగలేదు. మీరు నేత ఆపి లేచిన చోటే, పేక తోసే నాడె ఉంది. ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు.

ఇక తొట్టి సంగతి. “వేన్నీళ్ళ తొట్టిలో కూచుంటే కాళ్ళు నావి కానట్టు తేలిపోతాండాయి. మోకాలు వంగుతాండాది. ఇంటికొచ్చినాక కూడా దినామూ ఇట్ల నానబెట్టకపోతే మళ్ళీ బిగుసుకుంటాయంట. గ్యారంటీ ఉండే మంచి తొట్టి ఒకటి చూసి పెట్టు. ఉగాదికంతా మగ్గంలో దిగుతా” అని రాశారు. ఇన్నేళ్ళ సంసారంలో మిమ్మల్ని అడక్కుండా ఒక చెంబు కూడా కొన్నదాన్ని కాను. తొట్టి ఎట్లా ఉంటుందో మీ ఆస్పత్రిలో తలుపు సందులోంచి ఒకసారి చూశాను, అంతే. అందుకని ఏం చూశానో, ఎవరేమన్నారో అంతా రాస్తాను. చదివితే నేను ఎంత తికమకలో ఉన్నానో మీకే తెలుస్తుంది.

మొదట మన వీధి చివర రేకుపెట్టెలు చేసే దస్తగిరిని అడిగాను. జింకు రేకుతో చేసిస్తానన్నాడు. మీ పొడవు నరసింహప్ప చూపించాడు. “గ్యారంటీ ఎన్నేండ్లప్పా?” అని అడిగితే దస్తగిరి నవ్వాడు.

“గ్యారంటీ అంటే ఏందక్కా? నేను ఈ వీధి ఇడిసి యాడికీ పోను. కారితే ఒక కేక వెయ్యి. వచ్చి మాటేసి పోతా.”

ఆ మాట నాకు నచ్చింది. అయితే రేకు తొందరగా వేడెక్కి తొందరగా చల్లారుతుందట. మరుగు నీళ్ళు పోసినప్పుడు ఒళ్ళు తగిలితే చురుక్కుమంటుందట. ఉప్పునీళ్ళకు తుప్పు కూడా పడుతుంది. మన కుళాయి నీళ్ళ సంగతి మీకు తెలుసు కదా, బిందెల అడుగున సున్నం గడ్డకడుతుంది. “అన్నకు తొడల కింద తుప్పు రేకు గీసుకుంటే?” అన్నాడు నరసింహప్ప. సరే, ఇది కాదనుకున్నాం.

పోయిన శనివారం నరసింహప్పను వెంటబెట్టుకుని బస్సులో అనంతపురం పోయాను. అక్కడ చేతులు కడుక్కునే పింగాణీ గిన్నెలు, కుళాయిలు అమ్మే ఒక దుకాణంలో బెంగళూరు నుంచి వచ్చిన ఫైబర్ గ్లాసు తొట్లు రెండున్నాయి. రెండూ తెల్లగా, లోపల చెయ్యి పెడితే జారిపోయేంత నునుపుగా ఉన్నాయి. నాకు తేడా ఏమీ తెలియలేదు. నరసింహప్ప ఊరుకుంటాడా? చీర కొనడానికి వచ్చినవాళ్ళు తిరగేసి చూసినట్టు, తొట్టిని పట్టి బోర్లా తిప్పేశాడు.

“వదినా, ఇట్ల రా! దీనికి నేత ఉండాది!”

నేను వంగి చూశాను. నిజమే. అడుగున రంగు వేయలేదు. గట్టిగా ఎండిన జిగురు కింద గుడ్డ నేత స్పష్టంగా కనబడుతూ ఉంది. దుకాణమాయన చెప్పాడు: గాజును దారంగా తీసి, ఆ దారంతో గుడ్డ నేసి, దానిమీద జిగురు పోసి ఆరబెడతారట. నరసింహప్ప నేలమీద గొంతుక్కూచుని ఆ నేతమీద బొటనవేలితో రాసి రాసి చూశాడు. మీరున్నా అదే పని చేసేవారు. గాజును దారం తీసేవాళ్ళున్నారని తెలిసి నేనూ ఒకసారి వేలితో రాసి చూశాను. రెండో తొట్టి అడుగు చూస్తే దానికి నేతే లేదు. గొర్రెబొచ్చును తొక్కి కంబళి చేసినట్టు పోగులు అటూ ఇటూ పడి ఉన్నాయి.

“దీనికి మూడేండ్ల గ్యారంటీ” అన్నాడు దుకాణమాయన బొచ్చు తొట్టిని చూపించి. “ఆ నేసిందానికి ఒక ఏడు.”

నరసింహప్ప లేచి నిలబడ్డాడు. “ఏమప్పా, నేసినదానికి ఒక ఏడు, నెయ్యనిదానికి మూడేండ్లా? ఇదేం న్యాయమప్పా?”

“నేసింది సన్నమన్నా. ఇది మందం. బరువు తట్టుకుంటాది.”

“సన్నంగా ఉంటేనే గదప్పా దాని రేటు! ముతక తెచ్చి మూడేండ్లంటావే?”

“అన్నా, ఇది కట్టుకునేది కాదు, కూచునేది” అన్నాడు దుకాణమాయన. పక్కన కుళాయి బేరమాడుతున్న ముసలాయన కూడా నవ్వాడు. నరసింహప్ప మాత్రం నవ్వలేదు. నా చెవి దగ్గరకు వచ్చి, “వదినా, వీడు మనల్ని చూసి ముతక అంటగడతాండాడు. మన అన్న ముతకలో కూచుంటాడా? నేసిందే తీస్కుందాం” అన్నాడు. పోగు సన్నమైతే మేలని మన ఇంట్లో పుట్టినప్పటినుంచీ విన్నవాడు. దుకాణమాయన మాట తప్పని వాడికి ఎట్లా చెప్పను? ఒప్పని మాత్రం ఎట్లా అనుకోను? ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో తెలియక ఆ రెండు తొట్ల మధ్య నిలబడ్డాను.

మీరు గ్యారంటీ చూడమన్నారు కదా అని ధైర్యం చేసి, “అయ్యా, ఆ గ్యారంటీ దేనికో కొంచెం చదివి చెప్పండి” అన్నాను. ఆయన ఒక అట్ట తీసి చదివి తెలుగులో చెప్పాడు. పీచు పెట్టి తోమి గీతలు పడితే గ్యారంటీ లేదు. పసుపు, నూనె, సీకాయ మరకలకు లేదు. కింద నేల సమంగా లేక పగిలితే లేదు.

“మరి దేనికి ఉందయ్యా?”

“తయారీలో తప్పుంటే ఉందమ్మా.”

“తయారీలో తప్పుందని మాకెట్లా తెలిసేది?”

“పగిలితే తెలుస్తాది.”

“పగిలితే, మా నేల సమంగా లేదంటారు గదా?”

ఆయన అట్ట చేతిలో పట్టుకుని నన్ను ఒకసారి చూశాడు. “అమ్మా, నువ్వు మెల్లగా మాట్లాడతావు గానీ, వకీలు మాదిరి ఉండావే” అన్నాడు. నాకు సిగ్గేసింది. నేను వాదించడానికి అడగలేదు, నిజంగానే తెలియక అడిగాను. అట్ట వెనకవైపు ఇంకో ముక్క ఉందని అప్పుడు చదివాడు. పొయ్యి మీదనుంచి దింపిన నీళ్ళు నేరుగా తొట్టిలో పోస్తే గ్యారంటీ పోతుందట. ముందు చన్నీళ్ళు పోయాలట. ఆ చన్నీళ్ళలో వేన్నీళ్ళు కలుపుకోవాలట. మూడేండ్లదానికైనా, ఏడాదిదానికైనా అదే షరతు.

మన ఇళ్ళలో నీళ్ళు ఆ వరుసలో ఎప్పుడు కలుపుతారో మీకు వేరే చెప్పాలా? నరసింహప్ప మాత్రం అది పట్టించుకోలేదు. దుకాణమాయన పుస్తకం తీసి ఎవరి పేరున రాయాలని అడిగితే నేను తల వంచుకున్నాను. నరసింహప్పే గట్టిగా, “శ్రీరంగప్ప అని రాయప్పా, ధర్మవరం. పట్టుచీరల కాడ ఎవర్నడిగినా చెబుతారు” అన్నాడు. ఏ తొట్టి కావాలో ఈ నెలాఖరులోగా చెప్పమని, అంతవరకు రెండూ పక్కన పెడతానని ఆయన అన్నాడు. డబ్బు రామదాసు సర్దుతానన్నాడు కాబట్టి ఆ దిగులు లేదు.

ఇంటికి వచ్చి అత్తమ్మకు అన్నీ చెప్పాము. నేత సంగతి చెబితే కుతూహలంగా విన్నది. చన్నీళ్ళ మాట రాగానే నోట్లో తమలపాకు ఉమ్మేసింది.

“చన్నీళ్ళు ముందు పోసి, దాంట్లో వేన్నీళ్ళు తొలిపేది పీనిగకు. నా కొడుకు బతికుండాడు.”

“మ్మా, అది తొట్టి చెడకుండా చెప్పినార్లే” అన్నాడు నరసింహప్ప.

“తొట్టి చెడగూడదు, నా కొడుకు చెడొచ్చునా? ఏమిరా? మీ నాయనను ఆఖరి దినం పెరట్లో కూచోబెట్టినప్పుడు పోసినాను నేను, ముందు చన్నీళ్ళు. ఈ చేత్తో మళ్ళీ పొయ్యను. దానికి ఇంగా దుడ్లిచ్చి, సంతకం పెట్టించుకోని, దినామూ పొయ్యల్లనా?”

“పద్ధతి ప్రకారం పోస్తేనే మూడేండ్లు పూచీ అంటాండారు.”

“ఎవనికి పూచీ? తొట్టికా, వానికా?”

నరసింహప్ప చెప్పులు వేసుకుని ఇంటికి పోయాడు. అత్తమ్మది మూఢత్వమని తోసేయలేను. నేనూ ఏనాడూ మీకు నీళ్ళు పెట్టేటప్పుడు చన్నీళ్ళు ముందు పోయలేదు. పురిటి పిల్లలకు పోసేటప్పుడు కూడా కాగినవి ముందు వంచి, ఆపైన చన్నీళ్ళు తొలిపి, మోచేత్తో చూసేదాన్ని. ఇప్పుడు మీ ఆరోగ్యం కోసమని తెచ్చి, రోజూ మీకు ఆ నీళ్ళు ఎట్లా కలపను? అట్లాగని వేన్నీళ్ళు ముందు పోస్తే, పగిలిననాడు మనమే తప్పు చేసినట్టు. దుకాణమాయన ముఖం చూసి అబద్ధం చెప్పలేను.

గుడికి పోయి అర్చకస్వామిని అడిగాను. ఆయన తీర్థపు గిన్నె కింద పెట్టారు. “తొట్టి విషయం శాస్త్రంలో లేదమ్మా. వైద్యం కోసమైతే దోషం అంటదు. అయినా మనసు ఒప్పుకోని పని చేస్తే అదే దోషం” అన్నారు. పోయేటప్పుడు ఒక చిక్కుతో పోయాను, వచ్చేటప్పుడు రెండు చిక్కులతో వచ్చాను. ఇంకో సందేహం కూడా అడుగుదామని పోయి అడగలేక వచ్చేశాను. ఒళ్ళు కడిగిన నీళ్ళలోనే మనిషి కూర్చోవడమంటే అది స్నానమా, మైలా? ముందు చెంబుతో స్నానం చేయించి, తర్వాత తొట్టిలో కూర్చోబెట్టి, మళ్ళీ పైన రెండు చెంబులు పోస్తే సరిపోతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అయితే అన్ని నీళ్ళు ఎక్కడివి?

ఈ సంగతి వీధిలో ఎట్లా పొక్కిందో గాని, కుళాయి దగ్గర ఎదురింటి ఓబులమ్మ బిందె పెడుతూ, “ఏమక్కా, మొగునికి తెప్పోత్సవం చేస్తాండావంట? మాకూ రెండు దోసిళ్ళు తీర్థమియ్యి” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, ఆవిడ బిందెలో సగం నిండకుండానే ధార ఆగిపోవడం చూశాను. ఆ రోజు నా బిందెలు ఖాళీగా తెచ్చుకున్నాను. మీ కాళ్ళ నీళ్ళకోసం ఇంత వీధితో పోటీ పడాలా అని భయమేసింది. తర్వాత ఓబులమ్మే వచ్చి, “ఎగతాళికంటినక్కా. బండి నీళ్ళు తెప్పించుకో, మా ఆయన చెబుతాడులే బండాయనకు” అని పోయింది. మంచి మనిషి. కాళ్ళు నానిన నీళ్ళు పారబోయకుండా వాళ్ళ పాడి ఎనుముల కొట్టం కడగడానికి ఇవ్వాలని మాట చేసుకున్నాము.

తొట్టి మాటకు వస్తే, నిన్న వీరప్ప మేస్త్రిని పిలిపించాను. నీళ్ళు పోసుకునే బచ్చలింట్లోనే సిమెంటుతో ఒకటి కట్టించవచ్చు కదా, ఏ నీళ్ళు ముందు పోసినా అడిగేవాళ్ళుండరు కదా అని నా ఆలోచన. వీరప్ప బచ్చలిల్లు జానలు పెట్టి కొలిచాడు. గడప దగ్గర నిలబడి ఒక మాట అడిగాడు.

“అన్న కాలు ఎంత ఎత్తు లేపుతాడమ్మా?”

నేను ఆ గడప వైపు చూశాను. మీ కాలు ఎంత లేస్తుందో నాకు తెలుసు. ఆ గడప కూడా దాటదు. అక్కడ ఆస్పత్రిలో ఇద్దరు మనుషులు పట్టి మిమ్మల్ని తొట్టిలో దింపుతారు. ఇక్కడ నేనూ, డెబ్బై దాటిన అత్తమ్మా. నరసింహప్ప పొద్దంతా తన మగ్గం మీద ఉంటాడు. ఇన్ని రోజులూ మందం, నేత, తుప్పు, గ్యారంటీ అంటూ తిరిగాను గాని, దాని అంచు దాటి మీరు లోపలికి ఎట్లా పోతారని ఒక్కసారి కూడా అనుకోలేదు.

“పైకి కడితే కాలెత్తల్ల. కిందికి తవ్వితే కూచోని దింపొచ్చు” అన్నాడు వీరప్ప. “ఈడ తవ్వేదానికి ల్యా. పక్కింటోళ్ళ పునాది ఉండాది.”

మగ్గమున్న గదిలోంచి అత్తమ్మ గొంతు వినబడింది. ఆవిడ అక్కడ గోడకు ఆనుకుని కండెలు చుడుతూ ఉంది.

“తవ్వేదేంటికి? తవ్విన గుంత ఈడ ఉండాది గదా.”

వీరప్ప నా ముఖం చూశాడు. నరసింహప్ప ఎప్పుడు వచ్చాడో, వాకిట్లో చెప్పులు విడుస్తూ అట్లే నిలబడిపోయాడు.

“ఏం మాటమ్మా అది? మగ్గం గుంతలో నీళ్ళు పోస్తారా?” అన్నాడు.

“పోస్తారు. మీ నాయన తవ్విచ్చినాడు దాన్ని. మీ నాయన కాళ్ళు దాంట్లో చూసినా. వీని కాళ్ళు చూస్తాండా. లేచేటప్పుడు వాడు గోడ ఎట్ల పట్టుకుంటాండాడో మీరెవురూ చూసిండరు, మీరంతా చీర జూస్తాంటిరి. అది తీసుకున్నది చాలు. ఇంగ అదే ఇయ్యనీ వానికి.”

వీరప్ప మెల్లగా గుంటలోకి దిగి, గోడలు తట్టి చూసి, తాడిపత్రి బండలు నాలుగువైపులా నిలబెట్టి, సందుల్లో సిమెంటు పోసి, అడుగునుంచి పెరట్లోకి ఒక గొట్టం తీస్తే సరిపోతుందన్నాడు. మీరు అంచున ఎప్పుడూ కూర్చున్నట్టే కూర్చోవచ్చు. ఎవరూ ఎత్తాల్సిన పని లేదు. బండ వేడిని పట్టి ఉంచుతుందట. మరుగు నీళ్ళు ముందు పోసినా దానికి ఏమీ కాదట. గ్యారంటీ అడిగితే వీరప్పకు కోపం వచ్చింది. “రాయికి గ్యారంటీ ఏందమ్మా?” అన్నాడు.

ఇక్కడిదాకా రాసి, కలం కింద పెట్టి, స్వామికి దీపం పెట్టి వచ్చాను. మీకు తెలియాల్సిన మాట ఇంకా రాయలేదు. తొట్ల సంగతి ఇంత పొడుగ్గా రాసింది అది రాయలేకనే.

పోయిన నెల మిమ్మల్ని అక్కడ చేర్చి నేను బయల్దేరిన పొద్దున, పెద్ద డాక్టరుగారు నన్ను వరండాలోకి పిలిచారు. “నడుస్తారమ్మా. తన పనులు తాను చేసుకుంటారు. వేన్నీళ్ళు విడవకుండా పట్టిస్తే కాళ్ళు వంగుతాయి. మగ్గం మాత్రం వద్దు. మళ్ళీ గుంటలో దిగి చెక్కలు తొక్కితే ఆ కీళ్ళు బిగుసుకుపోతాయి. తర్వాత ఏ నీళ్ళూ పనిచేయవు” అన్నారు. ఆయనే వచ్చి మీకు చెబుతానన్నారు. నేను చేతులు జోడించి, “మీరు చెప్పొద్దు స్వామీ, నేనే చెప్పుకుంటాను” అన్నాను. చెబుదామనే లోపలికి వచ్చాను. మీరు పక్క మంచం ఆయనకు దుప్పటి అంచు మడిచి, కొంగు ఎట్లా దిగుతుందో చూపిస్తూ ఉన్నారు. కాళ్ళు కదలకపోయినా మీ చేతులు ఆడుతూ ఉన్నాయి. “ఉగాదికి నేసి చూపిస్తా సామీ, మా ఊరికి రా” అంటున్నారు. నేను సంచి తీసుకుని, పోయొస్తానని చెప్పి వచ్చేశాను.

అప్పటినుంచీ ఈ మాట నాలోనే ఉంది. అత్తమ్మకు నేను చెప్పలేదు. ఆవిడకు ఎవరూ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. దుకాణంలో నేను నిలబడి తేల్చుకోలేకపోయింది కూడా ఇందుకే. మందమైనదా, సన్నమైనదా అని వాళ్ళు అడుగుతుంటే, తొట్టి వచ్చినా మీరు మగ్గంలో దిగరన్న సంగతి ఒక్క నాకే తెలుసు. ఆ తెలిసినదాన్ని పట్టుకుని ఏ తొట్టి వైపు వేలు చూపించను?

నరసింహప్ప నిన్న సాయంత్రం వరకు తన మగ్గం విడిచి రాలేదు. తర్వాత వచ్చి నాకు ఎదురుగా కూర్చుని, “అన్న ఒప్పుకుంటే ఆ పడుగును అచ్చుతోపాటు చుట్టి నా మగ్గానికి ఎక్కిస్తా వదినా. నేసేది నేను. పక్కన కూచోని తప్పులు పట్టేది ఆయప్ప. రంగు కలిపేకాడ ఆయప్ప కన్ను ల్యాకపోతే నేనేం నేస్తా?” అన్నాడు. ఆ మాట అనడానికి వాడు రోజంతా తీసుకున్నాడు. మీతో చెప్పేటప్పుడు చులకనగా చెబుతాడేమో, మీరు కోప్పడకండి.

ఇప్పటికీ నాకు ఏది సరైనదో తెలియదు. గుంటలో బండలు నిలబెడితే మామయ్య పెట్టిన మగ్గం ఇంట్లోంచి పోతుంది. నిలబెట్టకపోతే మీరు వచ్చినరోజే దుప్పటి తీసి అందులో దిగుతారు. మిమ్మల్ని ఆపగలిగేదాన్ని నేను కాను. అది నాకు బాగా తెలుసు. మిమ్మల్ని అడక్కుండా చేయించాలని ఒక పూట అనిపించింది. మీరు గడపలో నిలబడి ఆ గది చూసే క్షణం తలుచుకుని మానుకున్నాను. బండలు మాత్రం తెప్పించాను. వాకిట్లో గోడకు ఆనించి ఉన్నాయి. మగ్గం మీద చెయ్యి వేయలేదు.

మీరు పెద్ద జవాబు రాయవద్దు. నన్ను తిట్టాలనుకుంటే వచ్చాక ఎదురుగా తిట్టండి, కాగితం మీద చదువుకోలేను. వీరప్ప ఒక్క కొలత అడుగుతున్నాడు. మీరు అంచున కూర్చుని కాళ్ళు దింపితే నీళ్ళు మోకాలి పైకి ఎంతవరకు రావాలో డాక్టరుగారిని అడిగి, ఒక కార్డు మీద అది మాత్రం రాసి పంపండి. అది వస్తే మీరు ఒప్పుకున్నారనుకుంటాను. నెలాఖరులోగా రాకపోతే బండలు వెనక్కి పంపి, అనంతపురం పోయి మూడేండ్ల గ్యారంటీది ఇంటికి తెస్తాను. దాంట్లో నీళ్ళు ఎట్లా కలపాలో చెన్నకేశవస్వామి నాకు చెబుతాడు. అప్పుడు కూడా మిమ్మల్ని ఏమీ అనను.

కొలత మీ జానల్లో రాయండి. నా జాన చిన్నది, దాంతో కొలిస్తే నీళ్ళు చాలవు. నరసింహప్ప చెయ్యి అచ్చం మీ చెయ్యంతే ఉంటుంది. వాడి చేత పెట్టిస్తాను.

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూసే
మీ ఇంటి ఇల్లాలు,
అంజనమ్మ.